బలరామ్‌ని చూసినవాళ్ల దగ్గరికి

ఫిబ్రవరి 12, 2025. బుధవారం

మా పెదనాన్నకు 80 నిండాయి. మోకాళ్లు మాట వినవు. వీధి చివర మందుల షాపుకి వెళ్లాలన్నా ఆటో కావాలి. అలాంటి మనిషి సంక్రాంతి మర్నాడు నన్ను పిలిచి, "ఒరేయ్, వచ్చే నెల 16 నాటికి నన్ను కలకత్తా తీసుకెళ్తావా?" అని అడిగారు. కాళీఘాట్ మొక్కు ఏదైనా ఉందేమో అనుకున్నాను.

"బలరామ్ పోయి ఆ రోజుకి రెండేళ్లు. ఆయన ఆట చూసినవాళ్లు అక్కడ ఇంకా కొందరు ఉండే ఉంటారు. వాళ్లూ నేనూ ఉండగానే ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలిరా" అన్నారు.

ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్ పేరు నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. పెదనాన్న ఆ పేరు ఎంత చనువుగా పలికేవారంటే, చాలాకాలం ఆయన మా దూరపు చుట్టమనే అనుకున్నాను. 1936లో సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, 20 ఏళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన కుర్రాడని, 1960లో రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టాడని, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ముఖ్యమైన ఫార్వర్డ్ అని చాలా తర్వాత తెలిసింది. మా స్కూల్లో ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. కాలేజీలోనూ అంతే. అమ్ముగూడ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లి ఉంటానో. ఇక్కడ ఇలాంటి మనిషి పుట్టాడని చెప్పే ఒక్క బోర్డు కూడా నా కంటబడలేదు.

పెదనాన్న బలరామ్‌ని చూసింది ఒకే ఒక్కసారి. 1956లో, ఆయనకు 12 ఏళ్లప్పుడు. ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ జట్టు ప్రాక్టీసు చేస్తుంటే కంచె బయట నిలబడి చూశారట. ఆ రోజు ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో గుర్తులేదు. గుర్తున్నది ఒకే కదలిక. "ఎదురుగా వచ్చినవాడి ముందు ఎడమ భుజం కాస్త వంచాడు. వాడు అటు పడ్డాడు. ఈయన ఇటు వెళ్లిపోయాడు. బంతి మాత్రం కాలికి కట్టేసినట్టే ఉంది." ఇది నేను కనీసం వందసార్లు విని ఉంటాను. ప్రతిసారీ చివర్లో, "సరిగ్గా చెప్పలేకపోతున్నాన్రా" అంటారు.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కాం. పెదనాన్నకి కింది బెర్తు దొరకడం అదృష్టం. నల్గొండ దాటేవరకూ సైకిల్ కథ నడిచింది. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానానికి రావడానికి బలరామ్ దగ్గర డబ్బుల్లేకపోతే, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చి పిలిపించుకున్నారట. రహీమ్ సాబ్ వృత్తికి టీచరు. ఏ పిల్లవాడిలో ఏముందో పసిగట్టే చూపు ఆ ఉద్యోగం నుంచే వచ్చిందని పెదనాన్న నమ్మకం. కుడికాలి ఆటగాళ్లని ఎడమకాలితోనే ఆడమనేవారు, డ్రిబ్లింగే (బంతిని కాలితో నడిపిస్తూ ఎదుటివాళ్లని తప్పించుకుపోవడం) చేయకూడదని పోటీలు పెట్టేవారు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు మన సిటీ పోలీస్ జట్టుదే. బలరామ్ ఎదిగింది ఆ గాలిలోనే.

రాత్రి గోదావరి వంతెన మీదికి రైలు వచ్చేసరికి పెదనాన్న లేచి కూర్చున్నారు. చీకట్లో ఏమీ కనిపించలేదు. వంతెన చప్పుడు మాత్రం తెలుస్తోంది.

ఫిబ్రవరి 13, గురువారం

పగలంతా ఒడిశా. పెదనాన్న ఎక్కువసేపు పడుకునే ఉన్నారు. ఖరగ్‌పూర్‌లో రైలు ఆగినప్పుడు మాత్రం కిటికీలోంచి చూసి, "ఇది బీఎన్ఆర్ వాళ్ల ఊరు కదూ" అన్నారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1963లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌ని వదిలాక బలరామ్ ఆడింది బీఎన్ఆర్ జట్టుకే. అదే ఏడు ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆట మానేశారు. అప్పటికి ఆయనకు 27 కూడా సరిగ్గా నిండలేదు. ఈ కాలంలో ఆ వయసుకి స్ట్రైకర్ల ఆట అప్పుడప్పుడే పండుతూ ఉంటుంది.

సాయంత్రం హౌరా. నా ఆఫీసులో పనిచేసే బెంగాలీ మిత్రుడు కారు పంపించాడు. వాళ్ల నాన్నగారు బిజయ్‌గఢ్‌లో ఉంటారు. వాళ్ల వీధిలోనే ఒక గెస్ట్ హౌస్‌లో దిగాం. పెదనాన్న స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని, తొమ్మిదికల్లా నిద్రపోయారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పొద్దున్నే మిత్రుడి నాన్నగారే గెస్ట్ హౌస్‌కి వచ్చారు. 82 ఏళ్లు. పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. తెల్ల పైజామా మీద ఎరుపు పసుపు మఫ్లర్. అవి ఈస్ట్ బెంగాల్ రంగులు. పుట్టింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని బరిసాల్‌లో. 1948లో అయిదేళ్ల వయసులో అమ్మ చెయ్యి పట్టుకుని ఇటు వచ్చారట. అందుకే మేమిద్దరం మాలో మేము ఆయన్ని "బరిసాల్ పెద్దాయన" అని చెప్పుకోవడం మొదలుపెట్టాం.

ఆయన పెదనాన్న చేతులు రెండూ పట్టుకుని అడిగిన మొదటి మాట, "మీదీ బొలోరామ్‌దీ ఒకే ఊరా?" బెంగాలీలో బలరామ్ అంటే బొలోరామ్. మా హైదరాబాద్ హిందీ, ఆయన బెంగాలీ హిందీ ఒకదానికొకటి అలవాటు పడటానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత నా అవసరమే లేకపోయింది.

మైదాన్‌కి వెళ్లాం. ఒకపక్క ఫోర్ట్ విలియం, ఇంకోపక్క ఈడెన్ గార్డెన్స్, మధ్యలో చెట్లు, పచ్చిక, గుర్రాలు, మేకలు. కలకత్తా క్లబ్బుల ఇళ్లన్నీ ఇక్కడే. వాటిని ఇల్లనరు, టెంట్ అంటారు. ఇది సైన్యం భూమి. అప్పట్లో నిజంగానే గుడారాలట, ఆ పేరే నిలిచిపోయింది. ఈస్ట్ బెంగాల్ టెంట్ ముందు కాగడా గుర్తు చూసి పెదనాన్న చెప్పులు విప్పబోయారు. "అక్కర్లేదు దాదా" అని బరిసాల్ పెద్దాయన నవ్వి, తర్వాత తనే ఒక్క క్షణం తల వంచి నిలబడ్డారు. 1920 ఆగస్టు 1న పుట్టిన క్లబ్బు. దేశం ముక్కలయ్యాక తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లకి ఊరు పోయింది, పొలం పోయింది. వాళ్ల ఊరి పేరు మిగిలి ఉన్నది ఒక్క ఈ ఆట జట్టు పేరులోనే. "వారమంతా రేషన్ క్యూలో నిలబడేవాళ్లం. శనివారం ఇక్కడ నిలబడితే మనుషులమయ్యేవాళ్లం" అన్నారాయన.

టెంట్ ముందు మేం ఎంతోసేపు ఆగలేదు. ఆయన మమ్మల్ని పక్కకి, మైదానం గోడ వెలుపల కాస్త ఎత్తుగా ఉన్న నేల దగ్గరికి నడిపించారు. దీన్ని ర్యాంపార్ట్ అనేవాళ్లట. టికెట్ కొనలేనివాళ్లు మధ్యాహ్నం నుంచే ఇక్కడ చేరేవారు. ముందున్నవాళ్ల తలలు అడ్డం కాబట్టి అట్టముక్కల్లో రెండు చిన్న అద్దాలు ఏటవాలుగా పెట్టి పెరిస్కోపులు చేసి అమ్మేవారట. జలాంతర్గామిలో నుంచి సముద్రం పైకి చూసినట్టు, ఆ గొట్టంలో నుంచి గోడ అవతలి ఆటని చూడటం. మనుషులు మరీ తోసుకుంటే గుర్రపు పోలీసులు వచ్చేవారు.

"1957లో బొలోరామ్ మా క్లబ్బుకి వచ్చినప్పుడు నాకు 14 ఏళ్లు. మొదటి రెండు సీజన్లు నేను ఆయన్ని చూసింది అద్దంలోనే" అన్నారు.

పెదనాన్న ఆయన వైపు తిరిగి, "నేను కంచె సందులోంచి" అన్నారు.

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత బరిసాల్ పెద్దాయన గట్టిగా నవ్వి పెదనాన్న భుజం మీద చెయ్యి వేశారు. అక్కణ్నుంచి మేం ఉన్నన్నాళ్లూ ఆ చెయ్యి అక్కడే ఉందంటే నమ్మండి.

అక్కడే ఒక క్లబ్బు క్యాంటీన్‌లో వేడి చికెన్ స్ట్యూ, కాల్చిన బ్రెడ్డు తిన్నాం. నా కళ్లు మాటిమాటికీ ఆ ఎత్తు నేల వైపే వెళ్తున్నాయి. ఇప్పుడక్కడ ఎండుటాకులు, రెండు కుక్కలు.

ఫిబ్రవరి 15, శనివారం

ఈ రోజు గురించి ఎంత రాసినా నాకు తృప్తి ఉండదు.

బిజయ్‌గఢ్ అంటే శరణార్థులు తమ చేతులతో తాము కట్టుకున్న కాలనీ. ఇక్కడ ప్రతి పాత ఇంటికీ వీధి వైపు ఒక అరుగు ఉంటుంది. మన పల్లెల్లో వీధి అరుగు లాంటిదే, వీళ్లు రోవాక్ అంటారు. బరిసాల్ పెద్దాయన ఇంటి అరుగు మీద శనివారం సాయంత్రాలు కొందరు కూర్చుంటారు. ఒకప్పుడు పదిహేను మంది దాకా ఉండేవారట. ఇప్పుడు బలరామ్ ఆటని కళ్లారా చూసినవాళ్లు నలుగురే మిగిలారు. ఈస్ట్ బెంగాల్ వాళ్లు ముగ్గురు, ఒకాయన ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బగాన్ మనిషి. ఆ నాలుగో ఆయన ఇక్కడికి ఎలా వచ్చారని అడిగితే, "వాళ్లని ఒంటరిగా వదిలేస్తే అబద్ధాలు చెప్పుకుంటారు" అన్నారు. మరో అయిదారుగురు కుర్రాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లు పెదనాన్నని "జేఠు" అని పిలుస్తుంటే ఆ మాటకి అర్థం అడిగాను. నాన్నకి అన్న. అంటే పెదనాన్నే.

మొదట వాదన. బెంగాల్‌లో పీకే, చుని, బలరామ్ అని ముగ్గురి పేర్లు కలిపే చెబుతారు. పీకే బెనర్జీ ఎక్కువగా ఈస్టర్న్ రైల్వేకే ఆడాడు, పెద్ద క్లబ్బుల్లోకి వెళ్లనే లేదు. చుని గోస్వామి బతుకంతా మోహన్ బగాన్. బలరామ్ ఈస్ట్ బెంగాల్ వాడు. ఇలా విడివిడిగా ఆడిన ముగ్గురూ దేశం చొక్కా వేసుకోగానే ఒకే చేతి వేళ్లలా కలిసిపోయేవారట. మోహన్ బగాన్ ఆయన చుని డ్రిబ్లింగ్ గురించి చాలాసేపు మాట్లాడారు. ఎవరూ అడ్డుపడలేదు. ఆయన ముగించాక ముగ్గురిలో అందరికన్నా పెద్దాయన, గొంతు కూడా సరిగా పెగలని ఆయన, నెమ్మదిగా అన్నారు: "చుని ఆడుతుంటే మేం చునీని చూసేవాళ్లం. బొలోరామ్ ఆడుతుంటే పక్కవాడు ఎక్కడున్నాడో కనిపించేది." పాస్ ఇచ్చే స్ట్రైకర్ గురించి ఇంతకంటే బాగా చెప్పిన మాట నేనెక్కడా వినలేదు. మోహన్ బగాన్ ఆయన కూడా ఒప్పుకున్నట్టు తలూపారు.

అసలు ఆయన ఏ స్థానం ఆటగాడు అన్నదానికీ ఏకాభిప్రాయం లేదు. ఒకరు లెఫ్ట్ అవుట్ అంటారు, ఒకరు లెఫ్ట్ ఇన్ అంటారు, బరిసాల్ పెద్దాయన సెంటర్ ఫార్వర్డ్ అంటారు. మూడూ నిజమే. ముందు వరసలో ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు. ఈస్ట్ బెంగాల్‌కి వందకు పైగా గోల్స్ కొట్టాడు కాబట్టి నేను స్ట్రైకర్ అనే రాసుకుంటాను.

తర్వాత 1961. ఆ సంవత్సరం పేరెత్తగానే ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి. 1952లో కలకత్తా లీగ్ గెలిచాక ఈస్ట్ బెంగాల్‌కి తొమ్మిదేళ్లు అది అందలేదు. ఆ ఏడు బలరామ్ కెప్టెన్. లీగ్ వచ్చింది, మోహన్ బగాన్‌తో ఉమ్మడిగా ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ కూడా వచ్చింది. "మా నాన్న ఈ దేశానికి వచ్చాక నవ్వగా నేను చూసింది ఆ రోజే" అన్నారొకాయన. వాళ్ల నాన్న బరిసాల్‌లో బడి పంతులు, ఇక్కడ పుస్తకాల షాపులో లెక్కలు రాసేవాడు. లీగ్ గెలిచిన రాత్రి ఇలిష్ చేప కొనుక్కొచ్చాడట. ఇంట్లో ఏడుగురు, చేప ఒక్కటి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. ఇది ఇక్కడి లెక్క. మోహన్ బగాన్ ఆయన ఆ రాత్రి తలుపులేసుకుని పడుకున్నానని చెప్పారు.

"ఇలిష్ అంటే మన పులసేరా" అన్నారు పెదనాన్న నాతో. తర్వాత వాళ్లకి వివరించడం మొదలుపెట్టారు: సముద్రంలో ఉన్నంతసేపూ అది వట్టి విలస. వరద గోదావరికి ఎదురీది పైకి వస్తేనే పులస అవుతుంది, దాని రుచే మారిపోతుంది. వాళ్లు చెవులు రిక్కించి విన్నారు. గొంతు పెగలని పెద్దాయన, "అయితే బొలోరామ్ కూడా మీ దగ్గర ఒక పేరు, మా దగ్గర ఒక పేరు" అన్నారు. ఇప్పుడు కాలం కాదు, వానల్లో రండి, పద్మా నది ఇలిష్ పెడతాం అని అందరూ ఒకేసారి పిలిచారు.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ల గురించి కుర్రాళ్లు అడిగారు. వాళ్లకి బాగా తెలిసిన పేరు మహమ్మద్ హబీబ్. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన హబీబ్. ఇక్కడ ఆయన "బొడో మియా". నయీముద్దీన్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అని వరసగా పేర్లు చెబుతుంటే పెదనాన్న వేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. అందరికన్నా ముందు, 1950 ప్రాంతంలో ఈస్ట్ బెంగాల్ ముందు వరస అయిదుగురిని పంచపాండవులు అనేవారు. సాలే, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, వెంకటేశ్. అయిదుగురూ దక్షిణం నుంచి వచ్చినవాళ్లే. శరణార్థుల జట్టుని మోసింది ఊరు వదిలి వచ్చినవాళ్లే. ఈ మాట అక్కడ ఎవరూ అనలేదు గానీ, నేను మాత్రం చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

రోమ్ ఒలింపిక్స్ కథ వాళ్లెవరూ చూడలేదు, పేపర్లో చదివారు. అయినా కళ్ల ముందు జరిగినట్టే చెప్పారు. ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన హంగరీ, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. మనం ఓడింది 1-2 తేడాతోనే, ఆ ఒక్క గోలూ బలరామ్‌దే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, అది పీకే గోలు. పెరూ మీద 1-3, మళ్లీ బలరామ్. రెండేళ్లకు జకార్తాలో ఫైనల్. స్టేడియం నిండా జనం మన వాళ్లకి వ్యతిరేకంగా అరుస్తుండగా దక్షిణ కొరియాని 2-1తో ఓడించారు. పీకే ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి. అప్పటికే రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి జూన్‌లో పోయారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకి మళ్లీ రాలేదు. పీకేకి, చునీకి పద్మశ్రీ ఇచ్చారు. బలరామ్‌కి 1962లో అర్జున ఇచ్చారు, పద్మశ్రీ ఇవ్వలేదు. ఈ విషయం వచ్చినప్పుడు మోహన్ బగాన్ ఆయన గొంతులోనే ఎక్కువ కోపం వినిపించింది.

టీ వచ్చింది. మట్టి పిడతల్లో ఇస్తారు. తాగేశాక బరిసాల్ పెద్దాయన ఖాళీ పిడతల్ని అరుగు మీద పేర్చారు. నాలుగు డిఫెన్స్, ఒకటి గోల్‌కీపర్. చిన్న చెక్కముక్క బంతి. ఇంకో పిడత తీసుకుని, "ఇది బొలోరామ్" అని ఎడమ పక్క నుంచి జరిపారు. డిఫెండర్ పిడత దగ్గరికి రాగానే చటుక్కున లోపలికి తిప్పారు.

"కాదు" అన్నారు పెదనాన్న.

అందరూ ఆయన వైపు చూశారు.

"తిరగడానికి ముందు ఇంకోటుంది. భుజం."

బరిసాల్ పెద్దాయన మళ్లీ జరిపారు. పెదనాన్న మళ్లీ కాదన్నారు. పిడతకి భుజం ఉండదు కదా. మూడోసారి పెదనాన్నే పిడత తీసుకుని కాస్త పక్కకి వంచి చూపించబోతే అది చేజారి మెట్ల మీద పగిలింది. కుర్రాళ్లు ముక్కలు ఏరుతుంటే, "అద్దంలో చూసినవాడికి భుజం కనిపించి ఉండదు, నాకు బంతే కనిపించేది" అన్నారు బరిసాల్ పెద్దాయన. ఆ మాట నిజమైతే పెదనాన్న దగ్గర ఉన్నది వాళ్లెవరి దగ్గరా లేదు. వాళ్లు చూసిన అన్ని సీజన్లలో ఒక్కటీ పెదనాన్న దగ్గర లేదు.

రాత్రి గెస్ట్ హౌస్‌కి నడుస్తుంటే పెదనాన్న అడిగారు, "నేను ఊరికే అనుకుంటున్నానా? 69 ఏళ్లయింది కదా. భుజం వంచడం నేనే కల్పించుకున్నానేమో." నా దగ్గర జవాబు లేదు. ఆ కాలపు ఆట సినిమాగా తీసి ఉంచినది చాలా తక్కువ. సరిచూసుకోవడానికి ఇలాంటి మనుషులే దిక్కు.

ఫిబ్రవరి 16, ఆదివారం

బలరామ్ పోయిన రోజు. ఆట మానేశాక ఆయన సికింద్రాబాద్‌కి తిరిగి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. 2020లో మార్చిలో పీకే, ఏప్రిల్‌లో చుని వెళ్లిపోయాక ముగ్గురిలో ఆయనొక్కరే మిగిలారు. మరో మూడేళ్లు అలా ఉన్నారు.

హౌరా నుంచి లోకల్‌లో లిలువా, బేలూర్, బాలీ, తర్వాత ఉత్తరపాడా. అరగంట ప్రయాణం కూడా కాదు. బరిసాల్ పెద్దాయన మాతోపాటు వచ్చారు. మోహన్ బగాన్ ఆయన కూడా వచ్చారు. స్టేషన్ వంతెన మెట్లు ఎక్కడానికి పెదనాన్నకి పావుగంట పట్టింది. ఆ ఇద్దరూ ఆయన్ని తొందరపెట్టలేదు, ప్రతి మెట్టు మీదా ఆగి కబుర్లు చెప్పారు.

ఆయన ఉన్న ఇంటికి వెళ్లాలని మేం అనుకోలేదు. వేరెవరో ఉంటున్న తలుపు తట్టడం బాగుండదని పెదనాన్న ముందే చెప్పారు. నది ఒడ్డుకి వెళ్లి ఒక ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. నీళ్లు బురద రంగులో, నిండుగా ఉన్నాయి. దక్షిణం వైపు దూరంగా బాలీ వంతెన, అవతలి ఒడ్డున దక్షిణేశ్వర్ గుడి. పడవలు తక్కువ.

అక్కడ బరిసాల్ పెద్దాయన మాకు ఇంతవరకూ చెప్పనిది చెప్పారు. చివరి రోజుల్లో బలరామ్‌కి క్లబ్బు మీద మనస్తాపం ఉండేది. ఆ సంగతి కలకత్తాలో అందరికీ తెలుసు, పేపర్లలో కూడా వచ్చింది. "ఎవరిది తప్పు అని నేనడగను. కానీ మా ఇంట్లో పెద్దకొడుకు అలిగి గుమ్మం దిగిపోయినట్టు ఉండేది నాకు. బతిమాలడానికి నేనెవర్ని? గోడ బయట నిలబడి చూసినవాణ్ణి" అంటూ కళ్లు తుడుచుకున్నారు.

"మేం మాత్రం బతిమాలామా?" అన్నారు పెదనాన్న. "మా ఊరివాడు, మేమసలు పిలవనే లేదు."

మోహన్ బగాన్ ఆయన సంచిలోంచి రెండు దండలు తీశారు. ఒకటి ఎర్ర మందారాలు, ఒకటి పసుపు బంతి పూలు. ప్రత్యర్థి రంగులని తెలిసే తెచ్చారు. నలుగురం కలిసి నీళ్లలో వదిలాం. మందారాల దండ మెట్టుకి తగులుకుని ఆగితే నేను కర్రతో తోశాను.

వెళ్దామని లేచాం. పెదనాన్న లేవలేదు. చేతికర్ర పక్కన పెట్టి, "దాదా, ఒకసారి ఇలా నా ముందు నిలబడతారా?" అని బరిసాల్ పెద్దాయనని అడిగారు. ఆయన కింద చదునుగా ఉన్న రాతి పలక మీద నిలబడ్డారు. నేను పట్టుకుని లేపితే పెదనాన్న ఆయనకి ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. నా చెయ్యి వదిలించుకున్నారు.

ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు. ఎడమ భుజం వంగింది. కాస్తే, మన ఇంట్లో గుమ్మం తలకి తగలకుండా వంగినంత. బరిసాల్ పెద్దాయన శరీరం దానంతటదే అటు ఒరిగింది. పెదనాన్న ఇటు పక్కగా, ఎంతో నెమ్మదిగా, ఆయన్ని దాటి వచ్చేశారు.

బరిసాల్ పెద్దాయన వెనక్కి తిరిగి నోట మాట లేకుండా చూశారు. తర్వాత, "అవును" అన్నారు. "అవును దాదా, ఎదురుగా వచ్చినవాళ్లు ఇలాగే పడేవాళ్లు. ఎందుకు పడుతున్నారో నాకు ఇన్నాళ్లూ తెలియలేదు."

మోహన్ బగాన్ ఆయన గొడుగు మెట్టు మీద పెట్టి, పంచె కాస్త పైకి ఎగ్గట్టి, పలక మీదికి వచ్చారు. "నన్ను దాటమనండి చూద్దాం" అన్నారు.

పెదనాన్న మళ్లీ నాలుగడుగులు వెనక్కి నడిచారు.